ఏడుంబావుకు పడిన చీకటి

“మళ్ళీ మొదట్నించీ చెప్పు బాబూ,” అన్నాడు పరంధామయ్య.

“మూడుసార్లు చెప్పిన కద సార్!”

“నాలుగోసారి చెప్తే నోరేటి అరిగిపోదు. కానీ.”

వికాస్ సోఫా అంచుకి జరిగి, చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ వరంగల్ కుర్రాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామరు. మొన్న శనివారం సెలవు ముగించుకుని సింగపూర్‌లో ఒంటరిగా దిగాడు. వెళ్ళేటప్పుడు మాత్రం ఇద్దరు వెళ్ళారు.

రెండోవాడు లోహిత్. అదే కంపెనీ, పక్క సీటు. బుధవారం, జులై పద్నాలుగున, మంగోలియాలో కారకోరం శిథిలాల దగ్గర కనబడకుండా పోయాడు. కారకోరం అంటే పర్వతాలు కావు. ఎనిమిది వందల ఏళ్ళ నాడు మంగోలు చక్రవర్తులు ఏలిన పట్నం. ఇప్పుడక్కడ గాలి, గడ్డి, గుర్రాలు, గుడారాలు మార్చుకుంటూ తిరిగే సంచార జనం. శుక్రవారం నుంచీ అక్కడి పోలీసులు వెతుకుతున్నారు. ఇవాళ మంగళవారం, సింగపూర్ టైము సాయంత్రం ఐదింటికి, వెతకడం ఆపేస్తారని పొద్దున కంపెనీ మేనేజరు ఫోన్ చేసి లోహిత్ భార్య సరయుకి చెప్పారు. ముక్క విరిచినట్టు ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశారట.

ఇప్పుడు మూడూ నలభై.

సరయు భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుని వికాస్ మొహం వంకే చూస్తోంది. ఐదు రోజులుగా నిద్ర లేని కళ్ళు. ఇంట్లో ఉండమ్మా, నేను చూసుకుంటానని పరంధామయ్య ఎంత చెప్పినా వినలేదు. బుకిట్ బటోక్‌లో తన ఇంటి నుంచి టాక్సీలో అతనికన్నా ముందే బిషాన్‌కొచ్చి, వికాస్ ఉండే పదకొండో అంతస్తు ఫ్లాట్ ముందు నిలబడింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి ఇంట్లో కూర్చో అని చెప్పడం తన బుద్ధి తక్కువే అనుకున్నాడు పరంధామయ్య.

“బుధవారం నాలుగింటికి జీపు దిగినం,” మొదలెట్టాడు వికాస్. “గోడ చుట్టూ తిరిగినం. ఆ పట్నంల ఏం మిగల్లే సార్. పెద్ద గుడి గోడ ఉంది, రాతి తాబేలు ఉంది. ఆరున్నరకు బ్రెడ్డు తిన్నం. ఏడింటికి లోహిత్ కెమెరా పట్టుకొని గుట్ట మీదికి పోయిండు. ఏడుంబావుకు చీకటి పడ్డది. రాలే. నేనూ డ్రైవరూ టార్చి ఏసుకొని తొమ్మిది దాకా వెతికినం. దొరకలే.”

“డ్రైవరు పేరు?”

“తెల్వద్ సార్. బజార్ల మాట్లాడుకున్నం.”

“జీపు నంబరు?”

“చూడలే.”

“రంగు?”

వికాస్ ఒక్క క్షణం తడుముకున్నాడు. “ఆకుపచ్చ.”

పరంధామయ్య నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నాలుగు, ఆరున్నర, ఏడు, ఏడుంబావు, తొమ్మిది. పొద్దున ఇచ్చిన టైములే, మాటా మాటా అవే. అదే అతనికి గుచ్చుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు సింగపూర్ పోలీసులో చేసినవాడు, ఆపైన ఐదేళ్ళుగా లైసెన్సు పుచ్చుకుని ప్రైవేటు డిటెక్టివ్‌గా తిరుగుతున్నవాడు. భర్తని వెతికిపెట్టమని సరయు ఆశ్రయించింది అతన్నే. నిజం చెప్పేవాడు ఒక్కోసారి ఒక్కోటి మరిచిపోతాడు, కొత్తది గుర్తు తెచ్చుకుంటాడు. ఈ కుర్రాడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్తున్నాడు.

కానీ తప్పెక్కడుంది? టైములు ఒకదాని పక్కన ఒకటి చక్కగా కుదిరాయి. వేలు పెడదామంటే సందు లేదు. చేతి గడియారం చూసుకుని చిరాగ్గా లేచాడు.

“నీ గది చూస్తాను.”

“చూస్కోండ్రి సార్.”

గది చిన్నది. మంచం, కంప్యూటరు బల్ల, మూల తెరిచి పెట్టిన సూట్‌కేసు. పరంధామయ్య మోకాళ్ళు ముందు ఒప్పుకోలేదు, తర్వాత టకటకమంటూ వంగాయి. షూ తిప్పి చూశాడు. అడుగున మట్టి లేదు. కడిగి ఉండొచ్చు. స్వెట్టరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొగ వాసన గానీ గుర్రం వాసన గానీ లేదు, బీరువాలో వేసే కలరా ఉండల వాసన. తొడుక్కోకపోయి ఉండొచ్చు. ఒక్కొక్కదానికీ ఒక్కో సమాధానం ఉంది, దేనితోనూ మనిషి దొరకడు. సూట్‌కేసు పక్క జేబులో చెయ్యి పెట్టేసరికి మెత్తగా ఒక ప్లాస్టిక్ కవరు తగిలింది.

లోపల ఎర్రటి పొడి. కవరు మూతి కొవ్వొత్తి మంటకి ఆనించి అతికించి ఉంది. అతుకు చెక్కు చెదరలేదు.

“ఇది నాదే!” గుమ్మంలోంచి సరయు గొంతు. “కందిపొడి అంకుల్. నేనే కొట్టి, నేనే అతికించాను. లోహిత్‌కొకటి, వికాస్‌కొకటి. అక్కడ గొర్రెమాంసం తప్ప ఏమీ దొరకదంట, వీళ్ళిద్దరూ గుడ్డు కూడా ముట్టరు. ఆకలితో చస్తారని ఇద్దరికీ వారానికి సరిపడా కట్టిచ్చాను.”

పరంధామయ్య ఆ కవరు పట్టుకొచ్చి వికాస్ ముందు బల్ల మీద పెట్టాడు.

“ఏటి బాబూ ఇది? విప్పనేలేదు?”

“బ్రెడ్డు తిన్నం సార్.”

“ఆరు రోజులూ బ్రెడ్డేనా? వట్టి బ్రెడ్డు? బ్యాగులో కందిపొడి పెట్టుకుని?”

“మర్చిపోయిన.”

“మాంసం ఊళ్ళో పడ్డ తెలుగువాడు కందిపొడి మర్చిపోయాడంటే, నా సర్వీసు మీద ఒట్టు, నేను నమ్మను.”

వికాస్ పెదాలు తడుపుకున్నాడు. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. నాలుగూ ఐదు.

ఇనప గ్రిల్లు అవతల నీలం చొక్కా, టై, మెళ్ళో కంపెనీ కార్డు, చేతిలో బ్రీఫ్‌కేసు. కృష్ణప్రసాద్. లోహిత్ కంపెనీలో సెక్యూరిటీ మేనేజరు. ఈ కేసులో కంపెనీ తరఫు విచారణ అతనిదే. మంగోలియా పోలీసులతో ఉత్తర ప్రత్యుత్తరాలూ అతనివే. శనివారం నాడు లోహిత్ సీటు చూస్తానని పరంధామయ్య వెళ్తే, లిఫ్టు దగ్గరే ఆపేసి సెక్యూరిటీ గార్డుని తోడిచ్చి మరీ గేటు దాటించిన ఘనుడు.

“ఓహో! అంకుల్ ఇక్కడే ఉన్నారా,” లోపలికొస్తూనే అన్నాడు. “రిటైరయ్యారు కదా, హాయిగా కోపిటియాంలో కూర్చుని కాఫీ తాగక ఈ తిరుగుడేంటి?”

“కాఫీ తాగే వచ్చాను లా. కూర్చో,” అన్నాడు పరంధామయ్య, సింగపూర్ వాళ్ళందరిలా మాట చివర ‘లా’ తగిలించి.

“కూర్చోడానికి రాలేదు. మా ఎంప్లాయీని నా పర్మిషన్ లేకుండా ప్రశ్నలడుగుతున్నారు. వికాస్, బట్టలు సర్దుకో. ఆరున్నరకి నీ ఫ్లైటు, హైదరాబాద్. పద.”

“హైదరాబాదా?” సరయు దిగ్గున లేచింది. “లోహిత్‌ని ఆఖరిసారి చూసింది వికాసే కదండీ! వెతుకుతుండగానే పంపించేస్తారా?”

“ఇంకా ఏం వెతుకులాటమ్మా? ఐదింటితో ఆఖరు.” కృష్ణప్రసాద్ గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం పరంధామయ్యకి అస్సలు నచ్చలేదు. “మీకు చెప్పకూడదనే అనుకున్నాను. జులై తొమ్మిదో తారీఖున మా ప్రొడక్ట్ సోర్స్ కోడ్ ఒక సీడీలోకి ఎక్కింది. లోహిత్ కార్డుతోనే ఆ రూము తెరుచుకుంది. పదకొండున ఆయన విమానం ఎక్కాడు. మీ ఆయన తప్పిపోలేదమ్మా. పారిపోయాడు.”

“మా ఆయన దొంగా?” సరయు చెంపలు ఎర్రబడ్డాయి. “పదో క్లాసు నుంచీ ఆ పాడుబడ్డ ఊరు చూడాలని కలలు కన్న మనిషండీ! పెళ్ళయిన కొత్తల్లో అందరూ ఊటీ అంటే ఈయన మంగోలియా అన్నాడు. రమ్మంటే నేనే వెళ్ళలేదు, మట్టిదిబ్బలు చూడ్డానికి అంత దూరమా అని వెక్కిరించాను. దొంగతనం చేసి పారిపోయేవాడు పెళ్ళాన్ని తోడు రమ్మని బతిమాలతాడా?”

కృష్ణప్రసాద్ వికాస్‌కి లెమ్మన్నట్టు సైగ చేశాడు. 

“సరే, నీ మాటే అనుకుందాం,” అన్నాడు పరంధామయ్య కృష్ణప్రసాద్‌తో. “మరి వికాస్ పాస్‌పోర్టు ఒకసారి చూపించు. పొద్దున అడిగితే కంపెనీలో ఉందన్నాడు.”

“ఎంప్లాయ్‌మెంట్ పాస్ రెన్యువల్‌కి తీసుకున్నాం. అందరివీ తీసుకుంటాం.”

“ఇప్పుడెక్కడుంది?”

“నా దగ్గరే. విమానం ఎక్కించాలి కదా.”

“చూపించు.”

“మీరెవరు అడగడానికి?” కృష్ణప్రసాద్ నవ్వాడు. “పోలీసా? అది ఐదేళ్ళ కిందటి మాట. పెళ్ళి సంబంధాల వాకబులు చేసుకునే లైసెన్సుతో నా బ్రీఫ్‌కేసు తెరిపిస్తారా?”

పరంధామయ్యకి ఒళ్ళు మండిపోయింది. నిజమే, పెళ్ళి సంబంధాల వాకబులు చేస్తాడు. పారిపోయిన పిల్లల్ని వెతుకుతాడు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ అడిగే హక్కు లేదన్న మాట మాత్రం నిజం, అది ముల్లులా దిగింది. నాలుగూ ఇరవై. గదిలో అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. టైములు, కందిపొడి, కలరా ఉండల వాసన. ఏదో తన కళ్ళ ముందే ఉంది, తనకే కనబడటం లేదు. చేతిలో పెన్ను టకటకా నొక్కుతూనే ఉన్నాడు.

సరయు హ్యాండ్‌బ్యాగులోంచి మడతలు నలిగిపోయిన కాగితం తీసింది. లోహిత్ పంపిన ఒకే ఒక్క ఈమెయిలు. వారం రోజులుగా అది చదవడం, మడవడం, మళ్ళీ చదవడం ఆమెకి పనైపోయింది. ఇప్పుడూ అలాగే చదువుకుంటోంది. ఉన్నట్టుండి ఆమె చూపు ఒకచోట ఆగిపోయింది. లేచి వచ్చి ఆ కాగితాన్ని పరంధామయ్య నోట్‌బుక్కు మీద పెట్టింది. ఒక వాక్యం మీద వేలు ఆనించింది.

పై వరసలో తారీఖు, టైము. సోమవారం, జులై పన్నెండు, రాత్రి ఎనిమిదీ పన్నెండు. వేలి కింద వాక్యం.

‘నువ్వీపాటికి అన్నం తినేసి టీవీ ముందు చేరుంటావు, నాకిక్కడ ఉలాన్‌బాతర్‌లో ఇంటర్నెట్ షాపు కిటికీలోంచి ఎండ కళ్ళల్లో పడి స్క్రీను కనబట్టంలేదు.’

అలామాక్! పరంధామయ్యకి గాభరా పుడితే లోపల ముందు పలికేది మలయ్ మాటే. ఈ ఉత్తరం పొద్దున తనూ చదివాడు. రెండుసార్లు చదివాడు. చదివి మడిచి ఇచ్చేశాడు! ఉలాన్‌బాతర్ మంగోలియా రాజధాని, అక్కడా ఇక్కడా గడియారం ఒకటే.

విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చిన తాతకి ఇక్కడ పుట్టిన కొడుకు, ఆ కొడుక్కి పుట్టిన తను. అరవై రెండేళ్ళు ఈ ద్వీపం మీదే గడిచాయి. మలేషియాలో పినాంగ్ దాటి ఉత్తరానికి వెళ్ళింది లేదు. ఇక్కడ సూర్యుడు ఆఫీసు గుమాస్తా లాంటివాడు. జనవరి అయినా, జులై అయినా, ఏడు దాటగానే దుకాణం కట్టేస్తాడు. ఏడుంబావుకు చీకటి పడిందంటే మరి పడదా అనుకున్నాడే తప్ప, ఎక్కడ పడింది అని అడగలేదు. ఉత్తరాన, వేసవిలో, పొద్దు అంత తొందరగా పోదని ఐదో క్లాసు పిల్లాడికి కూడా చెప్తారు. పుస్తకంలో చదివింది పుస్తకంలోనే ఉండిపోయింది. కథ అల్లినవాడు కూడా సింగపూర్‌లో కూర్చునే అల్లాడు. తను సింగపూర్‌లో కూర్చునే నమ్మాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొంతు మామూలుగా పెట్టాడు.

“ఒకే ఒక్క సంగతి బాబూ, ఆపైన నువ్వు వెళ్ళిపోవచ్చు. సోమవారం రాత్రి ఉలాన్‌బాతర్‌లోనే ఉన్నారు కదా? భోజనం ఎన్నింటికి చేశారు?”

ఇది తన పాఠంలో లేని ప్రశ్న. వికాస్ కృష్ణప్రసాద్ వంక చూశాడు. “ఎనిమిదికి సార్.”

“హోటల్లోనా?”

“బయట. రోడ్డు పక్కన.”

“రోడ్డు మీద లైట్లున్నాయా?”

“ఆఁ, ఉన్నయి. చీకటి పడ్డది కద అప్పటికి. లైట్ల కింద కూసొని తిన్నం.”

“లోహిత్ పక్కనే ఉన్నాడా?”

“పక్కనే ఉన్నడు.”

పరంధామయ్య కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “అదే ఊళ్ళో, అదే రాత్రి, అదే ఎనిమిదింటికి, నీ పక్కనున్న లోహిత్ కళ్ళల్లో ఎండ పడుతోందిరా. నీ ఒక్కడి నెత్తి మీదే చీకటి పడిందా?”

వికాస్ కాగితం వంకా, కృష్ణప్రసాద్ వంకా మార్చి మార్చి చూశాడు. 

“మబ్బు పట్టి ఉంటుంది,” అన్నాడు కృష్ణప్రసాద్. “ఇదొక సాక్ష్యమా? కోర్టులో నవ్వుతారు.”

“మబ్బుకి టార్చి వేసుకుని వెతుకుతారా? బుధవారం ఏడుంబావుకి కారకోరంలో ఎండ ఉండే ఉంటుంది. మంగోలియాలో ఒక్క సాయంత్రం గడిపినవాడు ఎవడూ ఈ పొరపాటు చెయ్యడు. వీడు అక్కడ అడుగు పెట్టలేదు. కాదంటావా, బ్రీఫ్‌కేసు తెరువు. మంగోలియా స్టాంపు ఒక్కటి చూపించు, ఈ అమ్మాయికి దండం పెట్టి ఇంటికి పోతాను.”

కృష్ణప్రసాద్ చెయ్యి బ్రీఫ్‌కేసు పిడి మీద బిగుసుకుంది. తెరవలేదు. అతని జేబులో ఫోను మోగింది. నంబరు చూసి, “వన్ మినిట్,” అని బ్రీఫ్‌కేసుతో సహా వరండాలోకి నడిచాడు. గ్రిల్లు టప్పుమంది. నాలుగూ ముప్పై ఒకటి.

పరంధామయ్య వికాస్ వైపు ఒకడుగు వేశాడు. అంతలో సరయు అడ్డొచ్చి వికాస్ ముందు నేల మీద కూర్చుంది.

“వికాస్,” అంది. “దీపావళికి మా ఇంట్లోనే తిన్నావు. నీకు చికెన్ పాక్స్ వస్తే లోహిత్ నిన్ను మా ఇంటికి తెచ్చి పడుకోబెట్టాడు. నేనేమన్నా అన్నానా? నువ్వేం చేశావో నాకొద్దు. నిన్ను జైల్లో పెట్టించాలని లేదు నాకు. లోహిత్ ఎక్కడున్నాడో అది చెప్పు చాలు. ఇంకో అరగంటలో ఆపేస్తారంట.”

వికాస్ మొహం చేతుల్లో పెట్టుకుని ఒక్కసారిగా బావురుమన్నాడు.

“నేను పోలే వదినా! బీజింగ్ దాకనే పోయిన. మంగోలియా పోలే!”

“మరి లోహిత్?”

“ఒక్కడే పోయిండు. బీజింగ్ల నాకు జాబ్ ఇంటర్వ్యూ ఉంది, తర్వాతి ఫ్లైటుకు వస్త అని చెప్పిన. కంపెనీకి తెలిస్తే నా పని ఐపోతది, ఎవరికీ చెప్పకు, వదినకు గూడ చెప్పకు అన్న. ఒట్టేసిండు.”

సరయు కళ్ళు మూసుకుంది. ఒక కంపెనీలో ఉంటూ ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళడం, ఆ గుట్టు స్నేహితులు కడుపులో దాచుకోవడం, ఈ ఊళ్ళో ఉన్న ప్రోగ్రామర్లందరికీ మామూలే. రేపు తమకూ ఆ అవసరం వస్తుంది కదా. లోహిత్ ఇచ్చిన మాట కోసం ఉత్తరంలో పెళ్ళానికి కూడా ఒక్క ముక్క రాయలేదు. పిచ్చివాడా అని పరంధామయ్యకి తిట్టాలనిపించింది.

“ఇంటర్వ్యూ అబద్ధం. అవునా?” అన్నాడు.

“అవును సార్. సీడీ ఒకళ్ళకు ఇయ్యాలె అక్కడ. నా బ్యాగుల పెట్టుకోనీకి భయమయి చాంగీ ఎయిర్‌పోర్టుల లోహిత్ కెమెరా బ్యాగుల అడుగున దోపిన. బీజింగ్ల తీస్కుందామనుకున్న. ఆయన ఆ బ్యాగు భుజం మీదికెళ్ళి దింపలే సార్! అట్లనే విమానం ఎక్కిండు. ఆయనకు ఏం తెల్వద్. వదినా, ఆయనకు ఏం తెల్వద్, ఒట్టు.”

“ఆ తర్వాత?”

“బుధవారం పొద్దున కారకోరంల పోస్టాఫీసు నుంచి నా హోటల్‌కు ఫోన్ చేసిండు. ఇక్కడ చూసుడు ఐపోయింది, ఉత్తరాన ముప్పై కిలోమీటర్లల ఇంకా పాత పట్నం ఉందట, ఖార్ బల్గాస్, మట్టి కోట, గొర్రెలోళ్ళతోని పోతున్న అన్నడు. శానా ఖుషీగ ఉండె. గంతే సార్. మళ్ళ ఫోన్ రాలే.”

పరంధామయ్య నోట్‌బుక్కు మూసేశాడు. ఐదు రోజులు! ఐదు రోజులుగా అక్కడి పోలీసులు లేని మనిషి కోసం కారకోరం గుట్ట చుట్టూ తిరుగుతున్నారు. మనిషేమో ముప్పై కిలోమీటర్ల అవతల.

“ఇంత తెలిసి పోలీసులకి కారకోరం అని ఎందుకు చెప్పావురా?”

“నేను చెప్పలే సార్. నేను సంతకమే పెట్టిన. నాలుగింటికి, ఏడింటికి, ఏడుంబావుకు, అంత టైపు చేసి ఇచ్చి బట్టీ పట్టుమన్నది…” వికాస్ తలెత్తి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. “సీడీ ఇచ్చి పంపింది గూడ ఆయనే సార్. కృష్ణప్రసాద్ సార్.”

పరంధామయ్య రెండంగల్లో గ్రిల్లు దగ్గరికి చేరాడు. వరండా ఖాళీ. లిఫ్టు అంకెలు మూడు, రెండు, ఒకటి. మెట్ల వైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. పదకొండు అంతస్తులు ఈ మోకాళ్ళతో దిగేసరికి వాడు ఏ టాక్సీలోనో ఉంటాడు. వాడి సంగతి తర్వాత. ద్వీపం విడిచి వాడెక్కడికీ పోలేడు, పోనివ్వని స్నేహితులు తనకింకా డిపార్ట్‌మెంటులో ఉన్నారు. ముందు లోహిత్ సంగతి.

నాలుగూ నలభై నాలుగు.

“అమ్మా, వికాస్ స్టేట్‌మెంటు కాపీ నీకు ఒకటిచ్చారన్నావే?”

సరయు బ్యాగు బోర్లించింది. మంగోలియాకి ఫ్యాక్స్ వెళ్ళిన కాగితమే అది. పై అంచున చీమ తలకాయలంత అక్షరాల్లో అవతలి స్టేషన్ నంబరు. అక్కడి పోలీసుల నంబరు ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా అంతా కంపెనీ ద్వారానే జరగాలని కృష్ణప్రసాద్ ఆమెకివ్వలేదు. కాగితం మీది సంగతి మాత్రం మరిచిపోయాడు. పరంధామయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోనులో ఒక్కో అంకే చదివి నొక్కాడు.

మొదటిసారి ఫ్యాక్సు కీచుమంది. రెండోసారీ కీచుమంది. తిట్టుకుంటూ ఆఖరి అంకె ఒకటి పెంచి నొక్కాడు. ఆఫీసుల్లో ఫ్యాక్సు పక్కనే ఫోను ఉంటుంది, నంబర్లు కూడా పక్కపక్కనే ఉంటాయి. అది ఎన్నో ఏళ్ళ అనుభవం. నాలుగోసారి మోగాక ఎవరో ఎత్తారు. సింగపూర్ అనగానే హడావిడిగా ఎవరినో కేకేశారు. ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లిషులో పలికింది. స్టేషన్లో దుబాసీనని చెప్పింది.

“లోహిత్ కేసు,” అన్నాడు పరంధామయ్య ఇంగ్లిషులోనే. “దయచేసి వెతకడం ఆపకండి. మీరు చూస్తున్నది తప్పు చోటు. అతను వెళ్ళింది ఖార్ బల్గాస్.”

“అవును, ఖార్ బల్గాసే,” అందామె. “అక్కడే దొరికాడు కదా.”

పరంధామయ్య పెన్ను నొక్కడం ఆపేశాడు.

“ఏమన్నారు? దొరికాడా?”

“కోట గోడ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. గొర్రెల కాపరులు గుడారంలో పెట్టుకుని చూసుకుంటున్నారు. వాళ్ళకి ఫోను లేదు, గుర్రం మీద ఒకతను వచ్చి చెప్పాడు. పొద్దున్నే మీ కంపెనీ మేనేజరుకి చెప్పాం. అందుకే కదా ఐదింటికి మావాళ్ళని వెనక్కి పిలిచేస్తున్నాం. ఇంట్లోవాళ్ళకి ఆయన చెప్పలేదా?”

చెప్పాడు, మహానుభావుడు. ఐదింటికి ఆపేస్తారని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. దొరికాడు కనక ఆపేస్తున్నారని చెప్పలేదు. పొద్దున్నుంచీ ఈ పిల్ల బతికి ఉన్న మొగుడి కోసం ఏడుస్తుంటే, తెలిసి కూడా ఎదురుగా నిలబడి పారిపోయాడమ్మా అన్నాడు! ఇంత పాపిష్టి మనిషిని తన సర్వీసులో చూడలేదు.

“అంబులెన్సు వెళ్ళిందా?”

“అక్కర్లేదన్నారు మీ మేనేజరు. కంపెనీ మనుషుల్ని పంపిస్తానన్నారు. ఇద్దరు వచ్చారు, చైనా నుంచి. మంచి జీపు. ఇందాకే బయల్దేరారు, ముప్పావుగంట అయింది. దారి తెలీదంటే మా కానిస్టేబులే బొమ్మ గీసిచ్చాడు.”

ఇద్దరు. బీజింగ్‌లో సీడీ కోసం కాచుకుని, అది దొరక్క, ఎప్పుడో మంగోలియా చేరినవాళ్ళే అయ్యుంటారు. సీడీ అతని కెమెరా బ్యాగులో ఉంది. కాలు కదపలేని మనిషి, గుడారంలో, భాష తెలియని చోట. సీడీ చేతికొచ్చాక, దేనికోసం వచ్చారో చూసిన మనిషిని అలాగే వదిలి వస్తారా?

“ఎంతసేపటి దారి?”

“గంట పైనే. వర్షం పడింది, నేల బురదగా ఉంది. గంటన్నర పట్టొచ్చు.”

“అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. వాళ్ళు కంపెనీ మనుషులు కారు. మీరు మేనేజరంటున్న మనిషే దొంగ. ఆ కుర్రాడికి ప్రాణాపాయం. మీ జీపు ఇప్పుడే బయల్దేరాలి. ఇప్పుడే!” అన్నాడు, సరయుకి వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

 ఆమె తన భాషలో ఎవరితోనో గట్టిగా అంది. ఒక మగగొంతు ఎదురు ప్రశ్న వేసింది. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. బూట్లు పరిగెత్తాయి. తలుపు ధడాలున కొట్టుకుంది.

“అంకుల్?” సరయు అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. “ఏమంటున్నారు? దొరికాడు అన్నారు కదూ? ఇంగ్లిషులో అన్నారు, నేను విన్నాను. అంకుల్!”

“దొరికాడమ్మా. కాలు విరిగింది. బతికే ఉన్నాడు.”

 నవ్వుతోందో ఏడుస్తోందో సరయుకే తెలియలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ, తనని మోసం చేసిన వికాస్ భుజమే పట్టుకుని, “విన్నావా, బతికే ఉన్నాడంట, కాలేగా, కాలు అతుక్కుంటుంది,” అంటూ ఏదేదో చెప్పేస్తోంది. వికాస్ మాత్రం నవ్వలేదు. పరంధామయ్య మొహం చూస్తున్నాడు.

ఫోనులో దూరంగా అక్కడి పోలీసు జీపు ఇంజను మొరాయిస్తున్న చప్పుడు. ఒకసారి. రెండుసార్లు.

సరయు కళ్ళు తుడుచుకుని తలెత్తింది. “ఒక్కడే ఉన్నాడేమో అంకుల్, పాపం. తీసుకురావడానికి ఎవరైనా బయల్దేరారా?”

పరంధామయ్య ఫోను చెవికి నొక్కిపట్టి, గోడ వైపు తిరిగాడు.

“బయల్దేరారమ్మా,” అన్నాడు.